ఆరు కింద గీత

ఆ ఆదివారం పూజ నుంచి వచ్చాక మా నాన్న ఇసుక జల్లించాడు.

ప్రతి ఆదివారం చేసే పనే. బస్సులోంచి విప్పి తెచ్చిన రేకు డబ్బాను వాకిట్లో బోర్లించి, ఆ ఇసుకను పాత పిండిజల్లెడలో పోసి, గొంతుక్కూర్చుని రెండు చేతులతో ఆడించేవాడు. సన్న ఇసుక గోనెపట్టా మీద పడేది. జల్లెడలో బూడిద గడ్డలు, పొగాకు ఈనెలు, ఒక్కోసారి అగ్గిపుల్ల ముక్క మిగిలేవి. వాటిని గులాబీ మొక్క మొదట్లో పోసేవాడు. ఇసుక ఎండలో కాగాక సాయంత్రం మళ్ళీ డబ్బాలో నింపి మూత పెట్టేవాడు.

1979 ఫిబ్రవరి. గుణదల తిరునాళ్ళు అయిపోయి వారమైంది. కొండ దారిలో దుకాణాల పందిళ్ళు ఇంకా విప్పుతూనే ఉన్నారు. నేను గుమ్మంలో కూర్చుని బడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను.

"ఇవాళన్నా ఆ ఆరు కింద గీత పెట్టు నాన్నా," అన్నాను.

"పెడదాంలే."

"మూడేళ్ళ నుంచి పెడదాంలే అంటన్నావు. పెయింటు డబ్బా కూడా కొనిచ్చా గదా."

"అది కిటికీకి వేశాను. కిటికీ బాగుందా లేదా?"

"కిటికీ గురించి ఎవరడిగారు?"

"అడక్కుండానే వేశాను, చూడు ఎంత బాగుందో," అని నవ్వి మళ్ళీ జల్లెడ ఆడించాడు.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పు వెళ్ళొచ్చి, బస్టాండులో బెంచీ మీద కూర్చుని, డ్రైవరు హనుమయ్య బాబాయిని మంచినీళ్ళడిగాడు. ఆయన గ్లాసుతో వచ్చేసరికి నాన్న టికెట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడట. నిద్రపోయాడనుకుని కాసేపు లేపలేదట. యాభై ఒక్క ఏళ్ళు.

మా నాన్న పేరు అంతోని. కండక్టరు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటన అంటూ ఉంటే ఆ డబ్బానే. అందుకని దాని సంగతి చెబుతాను.

మా తాత లంకల్లో కూలి చేసుకునేవాడు. బెజవాడలో బ్యారేజీ కడుతున్నప్పుడు రాళ్ళ పనికి వచ్చి గుణదలలో ఉండిపోయాడు. నాన్న అప్పటికే ఎనిమిదో తరగతితో చదువు ఆపి ప్రైవేటు బస్సుల్లో క్లీనరుగా చేరాడు. బస్సులు ప్రభుత్వం చేతికి వచ్చాక కండక్టరయ్యాడు, అదీ టెంపరరీగా. పన్నెండేళ్ళు టెంపరరీగానే ఉన్నాడు. ఎవరినీ "దిగు" అనేవాడు కాదు. "మీ ఊరొచ్చింది" అనేవాడు. నిద్రపోయే ముసలమ్మలను భుజం తట్టకుండా, కమ్మీ మీద టికెట్ల పంచ్‌తో రెండుసార్లు టకటకమనిపించి లేపేవాడు. బీడీ గానీ చుట్ట గానీ ఆయన నోట ఎన్నడూ చూడలేదు. ఎందుకు తాగవని చిన్నప్పుడు అడిగితే, "నోరు టికెట్లు అడగడానికే చాలట్లా," అన్నాడు.

ఆయనది కరకట్ట రూటు. బెజవాడ నుంచి పెదపులిపాక, మద్దూరు, రొయ్యూరు, వల్లూరుపాలెం మీదుగా తోట్లవల్లూరు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క పసుపు, చెరకు, అరటి. ఆ చుట్టుపక్కల మగవాళ్ళలో సగం మంది చుట్ట కాలుస్తారు. లంక నేలలో పండే పొగాకు అంత దగ్గరలో ఉండగా కాల్చకుండా ఎవరుంటారు?

బస్సులో డ్రైవరు తల మీదుగా 'పొగ త్రాగరాదు' అని ఎప్పటి నుంచో రాసే ఉంది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. 1976లో మాత్రం పైనుంచి గట్టిగా కాగితం వచ్చింది. చెకింగులో ఏ ప్రయాణికుడి నోట పొగ కనిపించినా కండక్టరు జవాబు చెప్పుకోవాలి. ఆ ఏడాదే సిగరెట్ పెట్టెల మీద కూడా చట్టప్రకారం హెచ్చరిక వేయడం మొదలైంది. హనుమయ్య బాబాయికి సిగరెట్టు అలవాటు. ఒకరోజు మా ఇంటికొచ్చి పెట్టె నా ముందు పెట్టాడు.

"ఏం రాశారో చదువమ్మా. అర్థం కాకపోయినా భయంగా ఉంది."

"సిగరెట్టు తాగడం ఆరోగ్యానికి హాని అని రాశారు బాబాయ్."

"ఇంగ్లీషులోనే రాశారా?"

"ఇంగ్లీషులోనే."

"అయితే ఇంగ్లీషు వచ్చినోళ్ళకే హాని. మనక్కాదు," అని ఒకటి తీసి ముట్టించాడు.

నాన్న నవ్వి, "చుట్టకి పెట్టే లేదు గదన్నా. దానికి హెచ్చరిక నేనే," అన్నాడు.

ఆ హెచ్చరిక అంత తేలిక కాలేదు. మొదటి నాలుగు రోజులూ బస్సులో నాటకం నడిచింది.

"తాతా, చుట్ట ఆర్పండి."

"ఎందుకూ?"

"అదుగో, రాశారు. పొగ త్రాగరాదు."

"ఎవరికి రాదు? నాకు బాగా వచ్చు."

బస్సంతా నవ్వు. "వచ్చినోళ్ళు దిగినాక తాగండి. రానోళ్ళు నేర్చుకోమాకండి," అనేవాడు నాన్న. వాళ్ళు నవ్వుతూనే ఇంకో దమ్ము లాగేవాళ్ళు.

అసలు చిక్కు మొండితనం కాదు. చుట్ట సిగరెట్టులా ఒకసారి కాల్చి పారేసేది కాదు. రైతు పొద్దున ముట్టించిన చుట్టను ఆర్పుతూ, ముట్టిస్తూ సాయంత్రం దాకా నడిపిస్తాడు. సగం చుట్టను పారెయ్యమంటే సగం అన్నం పారెయ్యమన్నట్టే. కిటికీ కమ్మీకి రుద్ది ఆర్పితే నిప్పురవ్వలు వెనక వాళ్ళ మీద పడేవి. ఆరిందనుకుని చెవి మీద పెట్టుకుంటే జుట్టు కమిలేది. పసుపు అమ్ముకుని తిరిగొచ్చే ఒకావిడ కొత్త చీర కొంగుకు రూపాయంత చిల్లు పడింది. పెదపులిపాక నుంచి తోట్లవల్లూరు దాకా ఆమె తిట్టిన తిట్లకు చుట్ట తాగినాయన ముందే దిగి నడిచి వెళ్ళాడట.

ఉపాయం నాన్నకు గుణదల కొండ దగ్గర తట్టింది. మేరీమాత గుహ ముందు జనం ఇసుకలో కొవ్వొత్తులు గుచ్చుతారు. అది చూస్తూ నిలబడిపోయాడు. ఇంటికొచ్చి పెద్ద గుండ్రటి బిస్కట్ల డబ్బా ఒకటి సంపాదించాడు. కృష్ణలోంచి సన్న ఇసుక తెచ్చి నింపాడు. మూతకు మేకుతో పన్నెండు చిల్లులు పొడిచి, ఒక్కోటి చుట్ట పట్టేంత పెద్దవి చేసి, గడియారం మీద ఉన్నట్టు చుట్టూ తెల్లరంగుతో అంకెలు వేశాడు. సైకిల్ ట్యూబు ముక్కతో బస్సు వెనక తలుపు దగ్గర కమ్మీకి కట్టాడు. చుట్ట ఉన్నవాడు ఎక్కగానే డబ్బా విప్పి చాపి ఒక అంకె చెప్పేవాడు. ఆ చిల్లులో వాళ్ళే నిప్పు కొస కిందికి దించి గుచ్చాలి. దిగేటప్పుడు తమ అంకె చూసుకుని వాళ్ళే తీసుకోవాలి.

మా అమ్మ తెరేసమ్మకు అది ససేమిరా నచ్చలేదు. "మరియమ్మ తల్లి కాడ కొవ్వొత్తుల్లాగా చుట్టలు గుచ్చుతారా? పాపం తగలదూ?"

"కొవ్వొత్తి వెలగడానికి గుచ్చుతాం. చుట్ట ఆరడానికి గుచ్చుతాం. రెండూ ఒకటెట్టా అవుతాయే?"

నాన్న మాత్రం ఎవరి చుట్టనూ ముట్టుకునేవాడు కాదు. ఆయన ముట్టుకుంటే కొందరు మళ్ళీ నోట పెట్టుకోరని తెలుసు. ఒకరి నోట్లోది ఇంకొకరు ముట్టుకుంటే ఎంగిలి. అందులో మేము ఊరికి ఎడంగా ఉండే పల్లె నుంచి వచ్చిన వాళ్ళం. ఈ మాట ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. డబ్బాను రెండు చేతులతో చాపి పట్టుకుని, తల కొంచెం పక్కకు తిప్పుకుని నిలబడేవాడు. అంతే.

పది రోజుల్లో అందరికీ అలవాటైపోయింది. "నాది నాలుగయ్యా", "నాలుగులో ఎవరో దిగబడ్డారు, ఏడు చూడు" అని వాళ్ళలో వాళ్ళే సర్దుకునేవాళ్ళు. చెకింగు వాళ్ళు రెండుసార్లు ఎక్కి, బస్సులో పొగ లేకపోవడం చూసి ఆశ్చర్యపోయి దిగారు. డబ్బా వంక చూసి ఏమీ అనలేదు.

ఆ వేసవి చివర ఒక గురువారం తప్పు జరిగింది.

రొయ్యూరులో వెంకటప్పయ్య గారని ఒక రైతు. అరటి, పసుపు తోటలున్నాయి. ప్రతి గురువారం అరటి గెలలు అమ్మడానికి బెజవాడ వచ్చేవారు. గెలలు మోయడానికి ఆయన తోటలో పనిచేసే పుల్లయ్య వచ్చేవాడు. పుల్లయ్యది వల్లూరుపాలెం పక్క పల్లె. మావాళ్ళకు దూరపు చుట్టం కూడా. ఇద్దరూ ఒకే పని మీద వచ్చి, ఒకే బస్సులో వెళ్ళేవారు. ఆయన ముందు సీట్లో, ఇతను వెనక తలుపు దగ్గర. ఆయనది కొట్లో కొన్న, కాగితం పట్టీ ఉన్న చుట్ట. ఇతనిది లంకాకు తెచ్చి ఇంట్లో చుట్టుకున్నది.

ఆ రోజు నాన్న వెంకటప్పయ్య గారికి ఆరు చెప్పాడు, పుల్లయ్యకు తొమ్మిది చెప్పాడు. బస్సు కిక్కిరిసి ఉంది. రొయ్యూరు వచ్చేసరికి నాన్న జనంలో ఇరుక్కుని, ఎప్పుడూ పట్టే పక్క నుంచి కాకుండా అవతలి పక్క నుంచి, తలల మీదుగా డబ్బా చాపాడు. వెంకటప్పయ్య గారికి ఆరు కనిపించింది. లాగి తీసుకుని దిగారు. ఇటు నుంచి చూస్తే ఆరు అయింది అటు నుంచి చూస్తే తొమ్మిది అవుతుందని, అంకెలు వేసిన నాన్నకు గానీ, మూడు నెలలుగా వాడుతున్న వాళ్ళకు గానీ అప్పటిదాకా తోచలేదు.

వల్లూరుపాలెంలో పుల్లయ్య మిగిలిన చుట్ట తీసి చూశాడు.

"అన్నా, ఇది నాది గాదు. దీనికి పట్టీ ఉంది."

నాన్న డబ్బా వంక చూశాడు. ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. "అయ్యో," అన్నాడు.

"పోనీలే అన్నా. ఆయనకి తెలియకపోతే తెలియనట్టే," అన్నాడు పుల్లయ్య.

కానీ ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ వాళ్ళు విన్నారు. మర్నాడు రొయ్యూరు టీ దుకాణం దగ్గర ఎవరో అడిగారట. "వెంకటప్పయ్య బావా, పుల్లయ్య చుట్ట ఎట్టా ఉందేంటి? ఎంగిలి ఎటూ కలిసింది, ఇక వియ్యం కూడా కలుపుకుంటావా?"

దుకాణం దుకాణమంతా నవ్వింది. ఆ సాయంత్రానికే మా నాన్న మీద ఫిర్యాదు రాసి పంపించారు వెంకటప్పయ్య గారు. కండక్టరు కావాలనే పల్లెవాడి ఎంగిలి చుట్ట తన నోట పెట్టించాడని, బస్సులో అనుమతి లేని డబ్బా పెట్టి చుట్టల దుకాణం నడుపుతున్నాడని.

అప్పటికి టెంపరరీ వాళ్ళను పర్మనెంటు చేసే లిస్టు తయారవుతోంది. అందులో నాన్న పేరుంది. విచారణలో తప్పని తేలితే లిస్టులోంచి పేరు పోతుంది. టెంపరరీ కనుక ఆ ఉద్యోగమూ పోతుంది. పన్నెండేళ్ళ ఎదురుచూపు అంతటితో సరి.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. జవాబు నేనే రాయాలి. కాగితం, కలం పెట్టుకుని కూర్చున్నాను. హనుమయ్య బాబాయి మంచం మీద కూర్చుని సలహాలు చెబుతున్నాడు.

"డబ్బా నాది కాదని రాయి. ప్యాసింజర్లెవరో తగిలించారని రాయి."

"డబ్బా నాదేనని రాయమ్మా," అన్నాడు నాన్న. "అంకెలు కూడా నేనే వేశానని రాయి. తప్పు అంకెలదని రాయి."

"రెండో చుట్ట ఎవరిదంటే?" అన్నాను.

"ఒక ప్రయాణికునిది అని రాయి."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "పుల్లయ్యని సాక్షిగా తీసుకుపొండి. పొరపాటున కలిసిందని వాడు చెబుతాడు గదా."

"వాడు పనిచేసేది ఆయన తోటలో. వాడొచ్చి నా పక్కన నిలబడితే రేపటి నుంచి వాడికి పని ఎవరిస్తారు?"

"మరి మనకెవరిస్తారు?" అంది అమ్మ.

నాన్న బిందె తీసుకుని బయటి పంపు దగ్గరికి వెళ్ళాడు. బిందె అప్పటికే నిండుగా ఉందని, వెళ్ళాక చూసుకున్నట్టున్నాడు. నీళ్ళు గులాబీ మొక్కకు పోసి, మళ్ళీ పట్టుకొచ్చాడు.

విచారణ సంగతి హనుమయ్య బాబాయి చెప్పగా విన్నదే. ఆయన గది బయట కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నాడు. తర్వాత మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు.

విచారణ చేసిన ఆఫీసరు పేరు రామకోటేశ్వరరావు గారు. పొగ మీద విచారణ గదా అని, బల్ల మీద ఉన్న యాష్‌ట్రేను ముందుగా ఫైలు వెనక్కి జరిపాడట.

"రెండో చుట్ట ఎవరిదయ్యా?"

"టికెట్లు ఎవరికిచ్చానో చెప్పగలనండీ. చుట్టలు ఎవరివో నేను రాసుకోను," అన్నాడు నాన్న.

"రాసుకోకపోయినా నీకు తెలుసు."

"తెలుసండీ. చెప్పను."

"లిస్టులో నీ పేరుంది. తెలుసా?"

"తెలుసండీ."

ఆఫీసరు వెంకటప్పయ్య గారి వైపు తిరిగాడు. "పోనీ మీరు చెప్పండి. ఎవరిది? రాసుకుంటాను."

వెంకటప్పయ్య గారు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారట. ఊళ్ళో అనుకోవడం వేరు. ఫలానా పుల్లయ్య చుట్ట తాను కాల్చినట్టు ప్రభుత్వం కాగితం మీద పేరు ఎక్కడం వేరు.

"సరే. మీది కాదని ఎప్పుడు తెలిసింది?"

"ముట్టించగానే."

"ఎట్లా?"

"రుచి తేడాగా ఉంది."

"చెడ్డగా ఉందా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. కిటికీలో హనుమయ్య బాబాయి మొహం కనిపించి, మళ్ళీ లోపలికి చూశారు. "లేదు."

"అయితే వెంటనే పారేశారా?"

"లేదు."

"ఎంతవరకు కాల్చారు?"

"వేళ్ళు కాలిందాకా," అన్నారు వెంకటప్పయ్య గారు.

ఆఫీసరు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయి ఆపుకోలేక పైకే నవ్వి, ప్యూను చేత గెంటించుకున్నాడు. ఆపైన జరిగింది మెట్ల దగ్గర నిలబడి, తెరిచిన తలుపులోంచి చూస్తూ విన్నాడు.

"నవ్వండి. ఊరంతా నవ్వింది, మీరూ నవ్వండి," అన్నారట వెంకటప్పయ్య గారు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. తర్వాత నాన్న వైపు తిరిగారు.

"ఏమయ్యా, ఉద్యోగం పోతుందన్నా ఆ పేరు చెప్పవా?"

"చెప్పనండీ."

"ఎందుకని?"

"మీరిద్దరూ రోజూ ఒక తోటలో మొహాలు చూసుకోవాలి గదండీ. నేను వారానికోసారి బస్సులో చూసేవాణ్ణి."

వెంకటప్పయ్య గారు, "నా అంకె నేనే పొరపాటుగా చూసుకున్నానండీ. నా కాగితం నాకు ఇచ్చెయ్యండి," అని అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆఫీసరు నాన్నను ఆపి, "ఆ డబ్బా నేను చూడలేదు. ఉంటే గింటే ఆరు కింద, తొమ్మిది కింద గీత ఉండాలి. ఇంకోసారి ఇట్లాంటి కాగితం వస్తే నేను చూడలేదనడం కుదరదు," అన్నాడు.

రెండు నెలలకు నాన్న పర్మనెంటు అయ్యాడు. అమ్మ కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. చుట్టలకూ కొవ్వొత్తులకూ ఉన్న పోలిక గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

గీత మాత్రం నాన్న పెట్టలేదు. రెండు నిమిషాల పని. నేను అడిగినప్పుడల్లా రంగు ఎండిపోయిందనేవాడు, బ్రష్షు లేదనేవాడు, ఇసుక జల్లించాక పెడతాననేవాడు. ఆఫీసరు అన్న మాట నాకు భయం. ఇంకోసారి తప్పు జరిగితే ఏమవుతుందో నాన్నకు పట్టడం లేదని కోపం. ఒకసారి తోట్లవల్లూరులో స్నేహితురాలి పెళ్ళికి ఆ బస్సులోనే వెళ్ళాను. గురువారం. రొయ్యూరు దగ్గరపడుతుంటే నాన్న డబ్బా పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, ఇటు పక్కన చోటుండగా పనిగట్టుకుని అటు పక్కకు వెళ్ళాడు. "ఆరండీ," అన్నాడు. వెంకటప్పయ్య గారు నాన్న వైపు చూడకుండా చుట్ట తీసుకుని దిగిపోయారు. ఆ సాయంత్రం ఇంట్లో అందుకు కూడా దెబ్బలాడాను. తిన్నగా నిలబడి ఇవ్వలేవా, మళ్ళీ తారుమారైతే ఎవరిది బాధ్యత అని. నాన్న అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, "నిజమేలే," అన్నాడు.

ఆయన పోయిన రోజు పుల్లయ్య మా వాకిట్లో సాయంత్రం దాకా కూర్చున్నాడు. వెంకటప్పయ్య గారు కూడా వచ్చారు. గొడుగు వేసుకుని రోడ్డుకు అవతల నిలబడి, శవపేటిక కదిలేదాకా ఉండి వెళ్ళారు.

మూడో రోజు పూజ అయ్యాక హనుమయ్య బాబాయి వచ్చి, ఆ రోజు నాన్నతో పాటు ఇంటికి చేరిన డబ్బా కొత్త కండక్టరుకు కావాలన్నాడు. "అది లేకపోతే బస్సులో మళ్ళీ పొగే అమ్మా. జనమే అడుగుతున్నారు," అన్నాడు. నాన్న జల్లించి నింపిన ఇసుక అందులో అట్లాగే ఉంది. మూత తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కింట్లో రంగు అడిగి తెచ్చి, పుల్లకు దూది చుట్టి, ఆరు కింద ఒకటి, తొమ్మిది కింద ఒకటి, తిన్నగా, గట్టిగా గీతలు పెట్టాను. నాన్న చెయ్యకుండా వదిలేసిన పని ఈ ఒక్కటే, అదీ నేను పూర్తి చేశాను అనుకున్నాను. చాలా ఏడ్చాను. ఆ గీతలు ఆరేదాకా డబ్బాను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు పుల్లయ్య మా ఇంటికి వచ్చాడు. అరటిపళ్ళ అత్తం ఒకటి తెచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. నాన్న కూర్చునే చోట కూర్చోకుండా, గడప పక్కన కూర్చున్నాడు.

"డబ్బా ఉందా చిన్నాన్నా ఇంకా?" అని అడిగాను.

"ఉందమ్మా. కానీ ఎవరో ఆరు కింద గీత గీశారు."

"గీస్తే మంచిదేగా. తారుమారు కాకుండా."

పుల్లయ్య నవ్వాడు. "మంచిదేలే," అని టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాక చెప్పాడు.

"ఆ విచారణ అయినాక రెండో గురువారం అనుకుంటా. మా ఆసామి ఆరులో కొత్త చుట్ట గుచ్చాడమ్మా, అంటించనిది. దిగేటప్పుడు తొమ్మిదిలో నాది తీసుకుపోయాడు. నేను చూశా. మీ నాన్న చూశాడు. ముగ్గురం ఏమీ అనలా. ఆ తర్వాత గురువారం నుంచి నేనూ కొత్తదే గుచ్చేవాణ్ణి, మంచి లంకాకు చూసి చుట్టి. రొయ్యూరు రాగానే మీ నాన్న అటు పక్కకి పోయి డబ్బా పట్టేవాడు. ఎవరన్నా చూసినా అంకె తిరగబడిందని అనుకుంటారు, అంతేగా. ఆయన పట్టీ చుట్ట నేను తీసుకునేవాణ్ణి. అంత బాగుండదనుకో."

"ఆయనతో ఆ సంగతి ఎప్పుడన్నా మాట్లాడావా?"

"ఎందుకు మాట్లాడతానమ్మా? తోటలో పని చెబుతాడు, చేస్తా." పుల్లయ్య కండువాతో మూతి తుడుచుకున్నాడు. "గీత గీసిన గురువారం ఆయన డబ్బా వంక చానాసేపు చూశాడు. ఆరులోదే తీసుకుని దిగిపోయాడు. వల్లూరుపాలెంలో నాది నాకే మిగిలింది."